వై నొక్కే ముందు చదవండి: లినక్స్ డెస్క్‌టాప్ ప్యాకేజీలు, సెట్టింగులు టెర్మినల్ నుంచి

ఈ ఎపిసోడ్‌లో ఉబుంటు డెస్క్‌టాప్‌ని టెర్మినల్ నుంచి ఎలా చూసుకోవాలో మాట్లాడుకుందాం. ప్యాకేజీలు పెట్టడం, తీసేయడం, సెట్టింగులు మార్చడం, తేడా వస్తే మళ్ళీ నిలబెట్టుకోవడం, ఇవన్నీ.

ముందుగా ఒక చిన్న మాట. వీడియోలో కమాండ్లు స్క్రీన్ మీద కనిపిస్తాయి. ఇక్కడ మాత్రం వాటిని పలికినట్టే తెలుగులో రాశాం. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లో, అన్నీ చిన్న అక్షరాలతో, ఖాళీ ఉన్నచోట ఖాళీ వదిలి కొట్టండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెడతాను.

కాలేజీలో ప్రాజెక్టు చేసే రోజుల్లో పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాను. ప్రాజెక్టుకి పైథాన్ కొత్త వెర్షన్ కావాలి. ఫోన్‌లో ఏదైనా యాప్ మొరాయిస్తే మనం ఏం చేస్తాం? అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తాం. అదే అలవాటుతో ఇక్కడ కూడా పాతది తీసేద్దాం అనుకుని ఈ లైను కొట్టాను:

సుడో ఆప్ట్ రిమూవ్ పైథాన్3

స్క్రీన్ మీద పెద్ద లిస్టు వచ్చింది. కింద వై ఆర్ ఎన్ అని అడిగింది. లిస్టు చదవలేదు. ఎంటర్ కొట్టేశాను. గబగబా ఏవేవో లైన్లు పరిగెత్తాయి. రీస్టార్ట్ చేస్తే నల్ల స్క్రీన్, మూలన లాగిన్ అనే ఒక్క మాట. మౌస్ లేదు, ఐకాన్లు లేవు, వాల్‌పేపర్ లేదు.

కంప్యూటర్ పోయిందనుకున్నాను. ఫ్రెండ్ దగ్గర పెన్‌డ్రైవ్ తీసుకుని, డిస్క్ మొత్తం ఫార్మాట్ చేసి, మళ్ళీ కొత్తగా ఉబుంటు వేశాను. దాంతో ప్రాజెక్టు రిపోర్టు పోయింది. ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని ల్యాప్‌టాప్‌లోకి మార్చుకున్న రెండేళ్ళ ఫోటోలూ పోయాయి.

తర్వాత చాలా రోజులకి అర్థమైంది. ఆ నల్ల స్క్రీన్ వెనకాల నా ఫైళ్ళన్నీ భద్రంగానే ఉన్నాయి. రెండు కమాండ్లు కొడితే డెస్క్‌టాప్ తిరిగి వచ్చేది. ఫోటోలు పోగొట్టింది ఆప్ట్ కాదు, ఫార్మాట్ చేసిన నేను. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఈ ఎపిసోడ్.

ముందుగా, పైథాన్ తీసేస్తే డెస్క్‌టాప్ ఎందుకు పోవాలి?

ఫోన్‌లో యాప్ అంటే హాస్టల్‌కి వెళ్ళే కుర్రాడి ట్రంకుపెట్టె లాంటిది. తనకి కావలసిన సామాను చాలావరకు తనే మోసుకెళ్తాడు. అతను ఖాళీ చేసి వెళ్ళిపోయినా పక్క మంచం వాడికి ఏమీ కాదు. లినక్స్ డెస్క్‌టాప్ అలా కాదు, ఉమ్మడి కుటుంబం ఇల్లు. రుబ్బురోలు ఒక్కటే ఉంటుంది, ఇంట్లో అందరూ దాని మీదే రుబ్బుకుంటారు. ఒకరికి అక్కర్లేదని దాన్ని బయట పారేస్తే ఇంటిల్లిపాదికీ ఆ పూట పచ్చడి లేదు. ఉబుంటులో పైథాన్ అలాంటి రుబ్బురోలు. అప్‌డేట్లు చూపించే ప్రోగ్రాము దగ్గర్నుంచి డెస్క్‌టాప్‌లో బోలెడు భాగాలు దాని మీద ఆధారపడి ఉంటాయి. ఈ ఆధారపడటాన్నే డిపెండెన్సీ అంటారు.

ఆ లెక్కలన్నీ చూసే ప్రోగ్రామే ఆప్ట్. దాని కింద అసలు ఫైళ్ళు విప్పి సర్దేది డీప్యాకేజ్, అంటే డి పి కె జి. ఇవి ఉబుంటు సొంతం కాదు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ప్రాజెక్టులో పుట్టాయి. డెబియన్ మీద కట్టిన ఉబుంటు 2004లో వచ్చింది. ఫెడోరా వాడేవాళ్ళకి ఇదే పని డీఎన్ఎఫ్ చేస్తుంది, ఆర్చ్ వాడేవాళ్ళకి ప్యాక్‌మ్యాన్ చేస్తుంది. కమాండ్లు మారతాయి కానీ ఆలోచన ఒకటే.

ఇంకో ముఖ్యమైన సంగతి. డెస్క్‌టాప్ అంటే ఒక్క ప్రోగ్రాము కాదు. డాక్ ఒక ప్యాకేజీ, సెట్టింగుల కిటికీ ఒకటి, ఫైళ్ళు చూపించేది ఒకటి, లాగిన్ స్క్రీన్ ఇంకొకటి. వీటన్నిటినీ కలిపి తెప్పించడానికి ఉబుంటు-డెస్క్‌టాప్ అనే ప్యాకేజీ ఉంది. దీన్ని మెటా ప్యాకేజీ అంటారు. అమ్మ కిరాణా కొట్టుకి రాసిచ్చే చీటీ లాంటిది. చీటీలో కందిపప్పు ఉండదు, కందిపప్పు అని రాసి ఉంటుంది, అంతే. కానీ ఆ చీటీ చేతిలో ఉంటే సామానంతా మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

సరే, టెర్మినల్ తెరుద్దాం. కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కండి. మొదటి కమాండ్:

సుడో ఆప్ట్ అప్‌డేట్

సుడో అంటే ఈ పని అడ్మిన్ హోదాలో చెయ్యమని చెప్పడం. పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే స్క్రీన్ మీద చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. కీబోర్డు పాడైందేమో అని కంగారు పడకండి, అది అంతే. కొట్టి ఎంటర్ నొక్కండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. అప్‌డేట్ అంటే సాఫ్ట్‌వేర్ కొత్తది అయిపోవడం కాదు. సర్వర్లో ఏమేం వెర్షన్లు ఉన్నాయో ఆ జాబితా తాజాగా తెచ్చుకోవడం మాత్రమే. నిజంగా కొత్త వెర్షన్లు ఎక్కించేది సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్. మొదటిది కొట్టులో ధరల పట్టిక చూడటం, రెండోది కొనడం.

ఇప్పుడు ఒక ప్యాకేజీ పెట్టి చూద్దాం. గ్నోమ్-ట్వీక్స్ తీసుకుందాం. ఉబుంటు డెస్క్‌టాప్ పేరు గ్నోమ్. మామూలు సెట్టింగుల్లో దొరకని ఫాంట్లు, టైటిల్ బార్ బటన్లు లాంటివి మార్చుకోవడానికి ట్వీక్స్ పనికొస్తుంది. పెట్టే ముందు అది ఏంటో అడుగుదాం:

ఆప్ట్ షో గ్నోమ్-ట్వీక్స్

ప్లేస్టోర్‌లో యాప్ పేజీ చూసినట్టే. వెర్షన్, సైజు, వేటి మీద ఆధారపడుతుంది, ఏం చేస్తుంది, అన్నీ వస్తాయి. దీనికి సుడో అక్కర్లేదు, చూడటమే కదా. పేరు సరిగ్గా తెలియకపోతే ఆప్ట్ సెర్చ్ అని కొట్టి పక్కన ఒక మాట ఇవ్వండి, వెతికి పెడుతుంది.

తర్వాతది నాకు ఆ రోజు తెలియని కమాండ్. తెలిసుంటే నా ఫోటోలు ఉండేవి:

ఆప్ట్ ఇన్‌స్టాల్ --సిమ్యులేట్ గ్నోమ్-ట్వీక్స్

ఇది ఉత్తుత్తి ఇన్‌స్టాల్. ఏమీ మార్చదు, చేస్తే ఏం జరుగుతుందో మాత్రం చెబుతుంది. ఇన్‌స్టాల్ బదులు రిమూవ్ అని పెట్టి కూడా ఇలాగే అడగొచ్చు. ధైర్యం ఉంటే ఆప్ట్ రిమూవ్ --సిమ్యులేట్ పైథాన్3 కొట్టి చూడండి. ఎంత పెద్ద లిస్టు వస్తుందో మీకే అర్థమవుతుంది. భయం లేదు, సిమ్యులేట్ అన్న మాట ఉన్నంతవరకు ఏదీ పోదు. ఆ మాట మర్చిపోకండి, అంతే.

నచ్చితే నిజంగా పెట్టేయండి:

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ గ్నోమ్-ట్వీక్స్

ఇప్పుడు అది అడిగే ప్రశ్న దగ్గర ఆగుదాం. బ్రాకెట్లో వై పెద్దక్షరం, ఎన్ చిన్నక్షరం ఉంటాయి. పెద్దక్షరంలో ఉన్నదే దాని సొంత జవాబు. అంటే మీరు ఏమీ కొట్టకుండా ఉత్త ఎంటర్ నొక్కినా అవును అన్నట్టే లెక్క. నేను పడింది సరిగ్గా ఇక్కడే.

ఆ ప్రశ్నకి పైన మూడు విషయాలు చూడండి. ఏవి కొత్తగా వస్తున్నాయి, ఏవి అప్‌గ్రేడ్ అవుతున్నాయి, ఏవి పోతున్నాయి. పోయేవాటి శీర్షికలో రిమూవ్ అన్న మాట పెద్దక్షరాల్లో ఉంటుంది. 2025లో వచ్చిన ఆప్ట్ 3.0 నుంచి ఆ పేర్లు ఎరుపు రంగులో కూడా కనిపిస్తాయి. ఒకటి పెట్టమంటే ఇరవై పోతున్నాయని చెబుతోందా? అయితే ఎన్ కొట్టి బయటికి వచ్చేయండి. తొందరేం లేదు. ఎందుకు పోతున్నాయో కనుక్కుని మళ్ళీ రావచ్చు.

ఇది కొత్తవాళ్ళకే జరుగుతుందనుకోకండి. 2021 నవంబరులో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ తన వీడియోలో పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో స్టీమ్ పెట్టబోయాడు. స్టీమ్ అంటే గేమ్‌ల స్టోరు. బటన్ నొక్కితే రాలేదని టెర్మినల్‌కి వెళ్ళాడు. ఆ సమయానికి స్టీమ్ ప్యాకేజీ డిపెండెన్సీల్లో ఏదో తేడా ఉంది. దాన్ని పెట్టాలంటే డెస్క్‌టాప్ ప్యాకేజీలు తీసేయాలని ఆప్ట్ లెక్క తేల్చింది. ఆ మాట చెప్పి హెచ్చరించింది కూడా. ముందుకి వెళ్ళాలంటే వై సరిపోదు, యస్ డూ యాజ్ ఐ సే అని ఒక వాక్యం పూర్తిగా టైప్ చేయమంది. అతను టైప్ చేశాడు. డెస్క్‌టాప్ మాయం. ఎన్నో ఏళ్ళుగా కంప్యూటర్లతోనే బతికే మనిషికే అలా జరిగింది.

ఆ తర్వాత ఆప్ట్ తయారు చేసేవాళ్ళు పద్ధతి మార్చారు. అత్యవసరమైన ప్యాకేజీలు పోయే పరిస్థితి వస్తే, ఆ వాక్యం టైప్ చేయించడం మానేసి పని అక్కడితో ఆపేసేలా చేశారు. కావాలని చేయాలంటే విడిగా ఒక ఆప్షన్ ఇవ్వాలి. కానీ డెస్క్‌టాప్‌లో ప్రతి ప్యాకేజీ అత్యవసరం కింద లెక్కకి రాదు. అందుకని చదవాల్సిన బాధ్యత మనదే.

ఇప్పుడు తీసేయడం గురించి. ఇందులో రెండు రకాలున్నాయి.

సుడో ఆప్ట్ రిమూవ్ అంటే ప్రోగ్రాము పోతుంది కానీ సిస్టమ్ మొత్తానికి వర్తించే దాని కాన్ఫిగరేషన్ ఫైళ్ళు ఈటీసీ ఫోల్డర్‌లో ఉండిపోతాయి. మళ్ళీ పెడితే పాత సెట్టింగులతోనే వస్తుంది. సుడో ఆప్ట్ పర్జ్ అంటే ఆ ఫైళ్ళు కూడా పోతాయి. పర్జ్ కూడా మీ హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు. మీ సొంత సెట్టింగులు, ఫోటోలు, పాటలు అన్నీ హోమ్‌లో ఉంటాయి.

ఈ తేడా తెలిస్తే సగం బాధలు పోతాయి. డెస్క్‌టాప్ వింతగా ప్రవర్తిస్తోందని చాలామంది ప్యాకేజీ తీసేసి మళ్ళీ పెడతారు. అయినా బాగుపడదు. ఎందుకంటే తప్పు ప్యాకేజీలో లేదు, మీ హోమ్‌లో దాచిన సెట్టింగులో ఉంది. గోడ రంగు నచ్చలేదని ఇల్లు కూలగొట్టి కట్టినా, మళ్ళీ అదే రంగు డబ్బా తెచ్చి వేస్తే ఏం లాభం?

గ్నోమ్‌లో మీ సెట్టింగులు డీకాన్ఫ్ అనే చిన్న డేటాబేస్‌లో ఉంటాయి. దాన్ని టెర్మినల్ నుంచి మార్చే కమాండ్ జీసెట్టింగ్స్. ఉదాహరణకి, ఫోన్‌లో లాగా పైన బ్యాటరీ శాతం కనిపించాలంటే:

జీసెట్టింగ్స్ సెట్ ఆర్గ్.గ్నోమ్.డెస్క్‌టాప్.ఇంటర్‌ఫేస్ షో-బ్యాటరీ-పర్సెంటేజ్ ట్రూ

ఎంటర్ కొట్టగానే పైన అంకె వచ్చేస్తుంది. అక్షరాలు చిన్నగా ఉన్నాయా? చివరి రెండు మాటల బదులు టెక్స్ట్-స్కేలింగ్-ఫ్యాక్టర్ 1.25 అని ఇవ్వండి. ఎక్కువైందనిపిస్తే సెట్ బదులు రీసెట్ అని కొట్టి, చివరి అంకె తీసేయండి. పాత స్థితికి వచ్చేస్తుంది. గమనించారా, ఇక్కడ ఎక్కడా సుడో లేదు. మీ ఇంట్లో మీ గది సర్దుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ సెట్టింగులన్నిటినీ ఒక ఫైల్లోకి దాచుకోవచ్చు. ముందు సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ డీకాన్ఫ్-సీఎల్ఐ అని కొట్టండి, ఇప్పటికే ఉంటే ఉందని చెబుతుంది. ఆ తర్వాత:

డీకాన్ఫ్ డంప్ / > సెట్టింగ్స్.టెక్స్ట్

డంప్ తర్వాత ఒక ఖాళీ, ఒక స్లాష్, మళ్ళీ ఖాళీ, కుడివైపు బాణం గుర్తు. చివర ఉన్నది ఫైలు పేరు, మీ ఇష్టం వచ్చింది పెట్టుకోండి. తిరిగి ఎక్కించాలంటే డంప్ బదులు లోడ్ అని, బాణాన్ని ఎడమవైపు తిప్పి కొట్టాలి. కొత్త ల్యాప్‌టాప్ కొన్నా మీ షార్ట్‌కట్లు, ఫాంట్ సైజులు అన్నీ ఒక్క నిమిషంలో వచ్చేస్తాయి. ఆ ఫైలుని ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో కూడా పెట్టుకోండి.

ఇలాగే, మీరు కావాలని పెట్టుకున్న ప్యాకేజీల జాబితా కావాలంటే ఆప్ట్-మార్క్ షోమాన్యువల్. దీన్ని కూడా అదే బాణంతో ఫైల్లోకి పంపొచ్చు. ఈ రెండు ఫైళ్ళు, మీ డాక్యుమెంట్లు, ఫోటోలు. ఈ నాలుగూ వేరేచోట ఉంటే ఇక కంప్యూటర్ ఏమైనా మీకు దిగులు లేదు.

మన తెలుగు సంగతి కూడా చెప్పేస్తాను. తెలుగు ఫాంట్లకి ఫాంట్స్-తెలు అని ప్యాకేజీ ఉంది. ఇక్కడ ఇంగ్లిష్‌లో టి ఇ ఎల్ యు వరకే కొట్టాలి. ఇది కూడా కిరాణా చీటీ లాంటి మెటా ప్యాకేజీయే. పోతన, వేమన ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా పెట్టుకోండి. తెలుగులో టైప్ చేయడానికి ఐబస్-ఎం17ఎన్ పెడితే ఇన్‌స్క్రిప్ట్, ఆర్టీఎస్ లాంటి పద్ధతులు వస్తాయి. ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అయ్యాక సెట్టింగుల్లో కీబోర్డు దగ్గర కనిపిస్తాయి.

ఇక చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. డెస్క్‌టాప్ పోయింది, నల్ల స్క్రీన్ వచ్చింది. ఏం చేయాలి?

మొదటి పని, పెన్‌డ్రైవ్ పక్కన పెట్టండి. ఫార్మాట్ మాట ఎత్తకండి.

రెండోది, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి. లాగిన్ అడుగుతుంది. మీ యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇవ్వండి. ఎల్ఎస్ అని రెండక్షరాలు కొట్టండి. మీ ఫోల్డర్ల పేర్లు కనిపిస్తాయి. అవి కనిపించాయంటే ఊపిరి పీల్చుకోండి, మీ సామానంతా ఉంది. నేను ఆ రోజు ఈ రెండక్షరాలు కొట్టి ఉంటే చాలు.

మూడోది, అసలు ఏం జరిగిందో చూడండి:

లెస్ /వార్/లాగ్/ఆప్ట్/హిస్టరీ.లాగ్

ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ కమాండ్ కొట్టారో, ఏ ప్యాకేజీలు వచ్చాయో, ఏవి పోయాయో అంతా అందులో రాసి ఉంటుంది. బ్యాంకు పాస్‌బుక్కే అనుకోండి. కిందకి దిగి చివరి ఎంట్రీ చూడండి. బయటికి రావాలంటే క్యూ నొక్కండి.

నాలుగోది, ఇంటర్నెట్. ల్యాన్ కేబుల్ ఉంటే మంచిది. లేకపోతే మీ ఫోనే ఉంది కదా. డేటా కేబుల్‌తో కలిపి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. నెట్‌వర్క్ మేనేజర్ ప్యాకేజీ కూడా పోకుండా ఉంటే అది దానంతటదే కలిసిపోతుంది.

అయిదోది, ఈ కమాండ్లు వరసగా:

సుడో డీప్యాకేజ్ --కాన్ఫిగర్ -ఏ

సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్

సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఉబుంటు-డెస్క్‌టాప్

మొదటిది సగంలో ఆగిన పనులు పూర్తి చేస్తుంది. రెండోది తెగిపోయిన డిపెండెన్సీలు అతికిస్తుంది. మూడోది మనం చెప్పుకున్న కిరాణా చీటీ, డెస్క్‌టాప్ సామానంతా మళ్ళీ తెస్తుంది. ఇక్కడ కూడా ఎంటర్ కొట్టే ముందు లిస్టు చదవడం మర్చిపోకండి. హిస్టరీలో పోయినట్టు కనిపించినవాటిలో ఇంకా రానివి ఉంటే వాటి పేర్లు కూడా ఇన్‌స్టాల్ పక్కన ఇవ్వండి. అయ్యాక సుడో రీబూట్. చాలాసార్లు మీ వాల్‌పేపర్‌తో సహా డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది. ఎందుకంటే ఆ సెట్టింగు మీ హోమ్‌లోనే ఉంది, ఎక్కడికీ పోలేదు.

ల్యాప్‌టాప్ లేనివాళ్ళు కూడా ఇది ప్రాక్టీస్ చేయొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ అనే యాప్ పెట్టుకోండి. అందులో ఉన్నది కూడా ఆప్టే. సుడో అవసరం లేదు. ఆప్ట్ అప్‌డేట్, ఆప్ట్ షో, సిమ్యులేట్ అన్నీ చేసి చూడండి. పాడైతే యాప్ తీసేసి మళ్ళీ పెట్టుకోవడమే. ఎందుకంటే అది ఫోన్ యాప్, ట్రంకుపెట్టె. కాకపోతే దాని లోపల దాచిన ఫైళ్ళు కూడా దాంతోపాటే పోతాయి, ముఖ్యమైనవి అందులో పెట్టకండి.

ఇంత చెప్పాను కానీ, ఒక్కటి గుర్తున్నా చాలు. ఆప్ట్ మనల్ని మోసం చేయదు. ఏం చేయబోతోందో ముందే చెప్పి, మన మాట కోసం ఆగుతుంది. ఆ రోజు నాకూ చెప్పింది, నేనే చదవలేదు. ఆ పది సెకన్లు మీరు ఆగి చదవండి.

మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఈలోపు మీ ఫోటోలు ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోండి. ఉంటాను మరి.